ఊరికో దేవత, పనికో పునీతురాలు

(సాయుధ దళాల పతాక దినోత్సవం సందర్భంగా మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శిగారు పది రోజుల క్రితం ఫోన్ చేసి, "సుబేదార్ సాబ్, మీరు విదేశం వెళ్ళొచ్చారు గదా, ఏయే దేశాల్లో పునీతుల పండుగలు ఎలా చేస్తారో ఓ ఇరవై నిమిషాలు చెప్పండి" అన్నారు. నేను చదివింది ఇంటర్మీడియెట్. అదీ ఫౌజ్‌లో చేరాక బారక్‌లో టార్చిలైటు కింద చదివి పాసయింది. చూసిన విదేశం ఒక్కటే, లెబనాన్. మిగతావి అక్కడ వేరే దేశాల సిపాయిల నోట విన్నవి, తర్వాత చదివి సరిచూసుకున్నవి. అందుకని ప్రపంచమంతా తిప్పుతానని ఆశ పెట్టుకోకండి.

క్రైస్తవుల్లో 'సెయింట్' అనే మాటకి మన తెలుగు క్యాథలిక్కులు 'పునీతుడు', 'పునీతురాలు' అంటారు. ఒక దేశానికో, ఊరికో, ఒక పని చేసుకునేవాళ్ళకో అండగా ఉంటారని నమ్మే పునీతుణ్ణి 'పాలక పునీతుడు' అంటారు. ఇది మనకి అర్థంకాని సంగతేం కాదు. మాది విజయనగరం జిల్లా. మా పైడితల్లమ్మ రాజుగారి ఇంటి ఆడపడుచు అని పెద్దలు చెబుతారు. 1757లో బొబ్బిలి యుద్ధం జరిగి, అన్నగారు విజయరామరాజు హతమైనప్పుడు ఆమె కూడా ప్రాణం విడిచి దేవత అయిందని మావాళ్ళ నమ్మకం. దసరా వెళ్ళిన మంగళవారం సిరిమాను చివర పూజారి కూర్చుని ఊరేగుతుంటే లక్షలమంది చూస్తారు. అంటే ఒకప్పుడు మనిషి, ఇప్పుడు ఊరిని కాసే తల్లి. పునీతులూ అంతే, మనుషులుగా పుట్టినవాళ్ళే. చాలామంది నమ్మినదాని కోసం చంపబడ్డవాళ్ళు. వాళ్ళ పండుగ సాధారణంగా పుట్టినరోజున కాదు, చనిపోయిన రోజున చేస్తారు. మనం వర్ధంతి అని తలదించుకునే రోజున వాళ్ళు బాజాలు వాయిస్తారు. నాకు మొదట వింతగా ఉండేది.

అందరికీ తెలిసింది ఐర్లండువాళ్ళ సెయింట్ పాట్రిక్ పండుగ, మార్చి 17. తమాషా ఏమిటంటే ఆ పాట్రిక్ ఐర్లండులో పుట్టినవాడే కాదు. బ్రిటన్ కుర్రాడు. పదహారేళ్ళ వయసులో దొంగలు ఎత్తుకుపోయి ఐర్లండులో బానిసగా గొర్రెలు కాయించారు. పారిపోయి ఇల్లు చేరి, మళ్ళీ తనంతట తానే ఆ దేశానికి బోధకుడుగా వెళ్ళాడు. 1903 నుంచి అక్కడ ఆ రోజు సెలవు. మూడేసి ఆకులుండే షామ్‌రాక్ అనే చిన్న మొక్కని కోటుకి గుచ్చుకుంటారు. వాళ్ళ సైన్యంలో టోపీకి గుచ్చుకుంటారు.

ఇంకో సంగతి. న్యూయార్కులో ఇప్పుడు బ్రహ్మాండంగా జరిగే పాట్రిక్ ఊరేగింపుని 1762లో మొదలుపెట్టింది బ్రిటిష్ సైన్యంలో పనిచేస్తున్న ఐరిష్ సిపాయిలు. సొంత ఊరు వదిలి సముద్రం అవతల డ్యూటీ చేస్తూ, ఆ ఒక్కరోజు తమ పాటలు పాడుకుంటూ వీధిలో నడిచారు. మనం జోధ్‌పూర్‌లో, తేజ్‌పూర్‌లో ఉగాది పచ్చడి కోసం వేపపువ్వు వెతుక్కోలేదూ? నేనైతే ఒక ఏడు వేపపువ్వు దొరక్క కాకరకాయ ముక్క వేశాను. లంగర్ కమాండర్ ఇప్పటికీ తిడుతూనే ఉంటాడు.

సెయింట్ జార్జ్ సంగతి వేరు. ఆయన సిపాయి. రోమన్ సైన్యంలో పనిచేసి, క్రైస్తవం విడవనన్నందుకు సుమారు 303లో తల తీయించుకున్నాడని చెబుతారు. గుర్రమెక్కి డ్రాగన్‌ని ఈటెతో పొడిచే బొమ్మ మీరు చూసే ఉంటారు. ఆయన ఇంగ్లండుకి పాలకుడు, జార్జియాకి పాలకుడు, ఇథియోపియాకీ పాలకుడే. ఇంగ్లండులో ఏప్రిల్ 23న జెండాలు కడతారు గాని సెలవు లేదు. స్పెయిన్‌లో బార్సిలోనా వైపు అదే రోజున వీధుల నిండా గులాబీలు, పుస్తకాలు అమ్ముతారు, ఒకరికొకరు ఇచ్చుకుంటారు. 1896లో అడువా దగ్గర ఇటలీ సైన్యాన్ని ఓడించినప్పుడు ఇథియోపియావాళ్ళు జార్జ్ పవిత్ర ఫలకాన్ని వెంట తీసుకెళ్ళారు. వాళ్ళ పంచాంగం ప్రకారం ఆ యుద్ధం జరిగిన తేదీ కూడా జార్జ్‌దే. లాలిబెలా అనే ఊళ్ళో ఆయన గుడిని మన ఎల్లోరా కైలాసంలాగే పైనుంచి కిందికి రాతిలో తొలిచారు. బీరూట్ వాళ్ళేమో, ఆ డ్రాగన్‌ని చంపింది మా సముద్రం ఒడ్డునే అంటారు. ఒకే మనిషిని ఇన్ని దేశాలు మావాడే అంటే మావాడే అని పంచుకోవడం నాకు నచ్చింది. మనం రాముడు మా ఊరికి వచ్చాడంటే మా ఊరికి వచ్చాడని ప్రతి గుట్ట దగ్గరా చెప్పుకున్నట్టు.

ఇక నేను కళ్ళారా చూసిన పండుగ చెబుతాను. అందుకే ఈ రోజు ఒప్పుకున్నాను.

నేను సాపర్‌ని. బెంగళూరు మద్రాస్ సాపర్స్, అదే 'తంబీ' పల్టన్. మందుపాతరలు పెట్టడం, తీయడం, వంతెనలు వేయడం మా పని. 2006 జులై, ఆగస్టుల్లో లెబనాన్‌లో 34 రోజుల యుద్ధం జరిగింది. దక్షిణ లెబనాన్‌లో ఐక్యరాజ్యసమితి కింద 1998 నుంచి మన బెటాలియన్ ఉండేది. ఆ యుద్ధం ముగిశాక నవంబరులో నేను దాంతోపాటు ఇంజినీర్ జట్టులో వెళ్ళాను. ఎబెల్ ఎస్ సాకీ అనే ఊరి దగ్గర మా మకాం. అటు హెర్మోన్ కొండ, ఇటు ఆలివ్ తోటలు, మధ్యలో ఎర్రమట్టి పొలాలు. చూడ్డానికి మన అరకులా ఉంటుంది, చలి మాత్రం ఇంకా ఎక్కువ.

ఆ పొలాల్లో అడుగుపెట్టడానికి లేదు. క్లస్టర్ బాంబులు పడ్డాయి. ఒక పెద్ద గుండులోంచి పదుల కొద్దీ చిన్న బాంబులు చెల్లాచెదురవుతాయి. వాటిలో పేలనివి నేలలో దిగబడి, చెట్టుకొమ్మలకి వేలాడి, గోడ పక్కన పడి ఉంటాయి. టార్చి సెల్ అంత ఉంటుంది, దానికో తెల్ల రిబ్బను తోక. పిల్లలు బొమ్మ అనుకుని తీస్తారు. ఎక్కువ భాగం యుద్ధం ఆఖరి మూడు రోజుల్లో పడ్డాయని ఐక్యరాజ్యసమితి వాళ్ళే చెప్పారు. పొలాలు శుభ్రం చేసే పని మాది కాదు, దానికి వేరే జట్లు ఉండేవి. మాది పెట్రోలింగ్ దారులు చూసుకోవడం, పోస్టుల చుట్టూ తనిఖీ, కనబడినదాని దగ్గర ఎర్రగుర్తు పెట్టి కబురు పంపడం.

డిసెంబర్ 4 సాయంత్రం. దగ్గరలో ఒక క్రైస్తవ గ్రామం. మా జీపు నెమ్మదిగా వెళుతుంటే వీధిలో పిల్లలు మొహాలకి మసి, ముసుగులు, పాత దుప్పట్లు కప్పుకుని ఇల్లిల్లూ తిరుగుతూ పాడుతున్నారు. మన పగటివేషాలే! దుబాసీ కుర్రాడు "ఇవాళ బుర్బారా పండుగ" అన్నాడు. ఒక ముసలమ్మ గుమ్మంలోంచి చెయ్యెత్తి మమ్మల్ని ఆపింది. నల్లబట్టలు, డెబ్బై దాటి ఉంటుంది. లోపల్నుంచి గిన్నెల్లో ఉడికించిన గోధుమలు తెచ్చి ఇచ్చింది. పొట్టు తీయని గోధుమలు మెత్తగా ఉడికించి, చక్కెర, సోంపు వేసి, పైన దానిమ్మ గింజలు, బాదం పప్పులు. వేడివేడిగా. మా హవల్దార్ ఒకడు "సాబ్, గుగ్గిళ్ళు తీపి చేసినట్టుంది" అన్నాడు.

ఆ ముసలమ్మ చెప్పిన కథ ఇది. సుమారు 1700 ఏళ్ళ క్రితం బార్బరా అనే అమ్మాయి. తండ్రి గొప్ప ధనవంతుడు. కూతురు ఎవరి కంటా పడకూడదని ఒక బురుజులో పెట్టాడు. ఆమె రహస్యంగా క్రైస్తవురాలైంది. తెలిసి తండ్రి కత్తి దూస్తే పారిపోయింది. అప్పుడే విత్తిన గోధుమపొలంలోంచి పరుగెడితే, ఆమె అడుగుజాడలు కనబడకుండా పైరు గబగబా పెరిగి కప్పేసిందట. అందుకే గోధుమలు. మారువేషం వేసుకుందట, అందుకే పిల్లల ముసుగులు. ఆమెది మా బాల్‌బెక్ ఊరే అని లెబనాన్ వాళ్ళంటారు. కాదు, ఇప్పటి టర్కీలో ఉన్న నికొమీడియా అని మిగతావాళ్ళు అంటారు. చివరికి పట్టుబడింది. తండ్రే స్వయంగా తల నరికాడు. ఇంటికి తిరిగి వెళుతుంటే పిడుగు పడి ఆ తండ్రి మాడిపోయాడు.

కథ అయ్యాక ఆ ముసలమ్మ ఇంటి వెనక పొలం చూపించింది. మామూలుగా అయితే ఆపాటికి గోధుమ మొలకలు లేవాలి. ఖాళీగా ఉంది. గట్టు మీద మావాళ్ళు పెట్టిన ఎర్రగుర్తులు మూడు. ఆ గిన్నెలో గోధుమలు కొనుక్కొచ్చినవి. "యా ఇబ్నీ, మీరు బాంబులు తీసేవాళ్ళే గదా, నాది తీసి పెట్టరా" అని అడిగింది. 'ఇబ్నీ' అంటే 'నాయనా' అన్నట్టు. నాకు ఆ అధికారం లేదని దుబాసీ ద్వారా చెప్పాను. చెబుతూ ఆమె పెట్టిన గోధుమలు తింటున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో అంత సిగ్గుపడిన సందర్భం ఇంకోటి లేదు.

మర్నాడు ఒక మీటింగులో స్పెయిన్ సార్జెంటు ఒకాయన కలిశాడు. మా సెక్టార్ స్పెయిన్ వాళ్ళ కమాండ్‌లో ఉండేది. ఆయన తోపులవాడు, ఆర్టిలరీ. ముందురోజు మందు కాస్త ఎక్కువైనట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నిన్న మా పండుగ, శాంతా బార్బరా" అన్నాడు. నేను ఆశ్చర్యపోయాను. తండ్రి పిడుగుపడి చచ్చాడు గనక పిడుగుల నుంచి కాపాడే తల్లి అయ్యిందట. తర్వాత తుపాకిమందు వచ్చింది. పాతకాలం తోపులు శత్రువుని ఎంత చంపేవో, పేలిపోయి పక్కనున్న గోలందాజుల్నీ అంతే చంపేవి. పిడుగులాంటి చావు గనక తోపులవాళ్ళు ఆమెనే పట్టుకున్నారు. తర్వాత గనివాళ్ళు, సొరంగాలు తవ్వేవాళ్ళు, అగ్నిమాపక దళాలు, మాబోటి పేలుడు పనివాళ్ళు. స్పానిష్ భాషలో ఓడలో మందుగుండు గది పేరే శాంతాబార్బరా. ఫ్రెంచి ఓడల్లో సేంత్ బార్బ్. ఇటలీలో నౌకాదళానికీ, ఫైర్ సర్వీసుకీ ఆమే. అమెరికా తోపులవాళ్ళు ఆమె పేరు మీద పతకమే ఇస్తారు.

పోలండులో ఆ రోజుని 'బార్బుర్కా' అంటారు. బొగ్గుగని కార్మికులు నల్ల యూనిఫాం వేసుకుని, టోపీలకి ఈకల కుచ్చులు పెట్టుకుని, తెల్లవారకముందే బ్యాండు వాయించుకుంటూ గుడికి వెళతారు. కార్మికులకి నల్ల ఈకలు, ఇంజినీర్లకి తెల్లవి, బ్యాండువాళ్ళకి ఎర్రవి. జర్మనీలో ఆ రోజు చెర్రీకొమ్మ కోసి నీళ్ళలో పెడతారు, క్రిస్మస్ నాటికి పూస్తే శుభం. దక్షిణ ఫ్రాన్స్‌లో అయితే పళ్ళేల్లో గోధుమలు మొలకెత్తిస్తారు, పచ్చగా పెరిగితే ఆ ఏడు పంట బాగుంటుందని. అచ్చంగా మన పెళ్ళిళ్ళలో పాలికలే!

యూరప్‌లో సొరంగం మొదలుపెట్టేముందు గుమ్మం దగ్గర ఆమె విగ్రహం పెట్టి, ప్రార్థన చేయించి గాని తవ్వరు. నవ్వకండి. 2023 నవంబరులో ఉత్తరాఖండ్ సిల్‌క్యారా సొరంగం కూలి 41 మంది లోపల చిక్కుకున్నారు గదా, అప్పుడు స్థానికులు ఏమన్నారు? గుమ్మం దగ్గరున్న బౌఖ్‌నాగ్ దేవుడి గుడి తీసేశారు, అందుకే ఇలా అయింది అన్నారు. మళ్ళీ చిన్న గుడి పెట్టారు. పదిహేడో రోజున అందరూ బయటికొచ్చారు. చివర్లో చేత్తో తవ్వే పనికి మా మద్రాస్ సాపర్లు కూడా వెళ్ళారు. గుడి వల్ల బయటపడ్డారని నేను అనను. తవ్వినవాళ్ళ చేతుల వల్ల బయటపడ్డారు. కానీ ఆ గుడి ముందు దండం పెట్టకుండా లోపలికి దూరమంటే నేనూ దూరను.

ఇదంతా ఆ స్పెయిన్ సార్జెంటు చెప్పినరోజున మాత్రం నాకు లోపల చేదుగా ఉంది. కారణం చెబుతాను. 2002లో, ఆపరేషన్ పరాక్రమ్ కోసం రాజస్థాన్ సరిహద్దులో మేము పెట్టిన మైన్లని మేమే తీస్తున్నాం. ఇసుకలో మైన్ పెట్టినచోట ఉండదు, జరుగుతుంది. ఆ దసరాకి డిటెక్టర్లకి, ప్రాడర్లకి పసుపు రాసి బొట్టుపెట్టి, నిమ్మకాయ కోసి, పండిట్‌జీతో ఆయుధపూజ చేయించాం. పన్నెండు రోజుల తర్వాత నాతో ఒకే రోజున భర్తీ అయిన శ్రీకాకుళం కుర్రాడు మైన్ పేలి పోయాడు. అతను ఆ ఉదయం కూడా ప్రాడర్‌ని కళ్ళకద్దుకునే వెళ్ళాడు. శవపేటికతో వాళ్ళ ఊరు వెళ్ళింది నేనే. వాళ్ళ నాన్నగారు నన్ను ఏమీ అడగలేదు, బస్సు దిగినప్పటి నుంచీ నా చెయ్యి మాత్రం వదల్లేదు. ఆ తర్వాత ప్రతి దసరాకీ పూజలో నిలబడ్డాను, పళ్ళెం పట్టుకున్నాను, ప్రసాదం పంచాను. అంతే, చేతులు చేసేవి.

2007 జూన్ 24. ఆ రోజు సెయింట్ జాన్ పండుగ. ముందురాత్రి స్పెయిన్‌లో ఊరూరా మన భోగిమంటల్లాంటి మంటలు వేస్తారు. ఆ రోజు ఖియామ్ దగ్గర దారి పక్కన పెట్టిన బాంబు పేలి స్పెయిన్ దళంలోని ఆరుగురు కుర్రాళ్ళు చనిపోయారు. వాళ్ళలో ముగ్గురు కొలంబియా నుంచి వచ్చి స్పెయిన్ సైన్యంలో చేరినవాళ్ళు. మాకు కూతవేటు దూరం. మా పోస్టులో జెండా దించి నిలబడ్డాం.

జులైలో పెట్రోలింగ్‌కి వెళుతూ ఆ ముసలమ్మ ఇంటిముందు నీళ్ళకోసం ఆగాను. గోడమీద బార్బరా పటం, చేతిలో బురుజు బొమ్మ. నోరాగక దుబాసీతో అడిగించాను. "అమ్మా, ఈ తల్లి బాంబుల నుంచి కాపాడుతుందంటారు. ఆమెని నమ్మినవాళ్ళే మొన్న పోయారు. మరి ఈమె ఏం చేసినట్టు?" దుబాసీ కుర్రాడు అడగనన్నాడు, తప్పవుతుందని. నేను పట్టుబట్టాను.

ఆమెకి కోపం రాలేదు. "ఆమెనే ఎవరూ కాపాడలేదు నాయనా" అంది. "సొంత తండ్రే నరికాడు. పొలం కాసేపు దాచింది, అంతే. కాపాడుతుందని కాదు నేను గోధుమలు వండేది. ఒక్కతే పరుగెత్తింది గదా, ఆమెని ఇంకా ఒక్కదాన్నీ వదలకూడదని."

నేను నీళ్ళు తాగి జీపెక్కాను. ఏమీ మాట్లాడలేదు. దుబాసీ సరిగ్గానే అనువదించాడో, తన మాట కొంత కలిపాడో కూడా నాకు తెలియదు. ఆ రాత్రి శ్రీకాకుళం కుర్రాడి నాన్నగారికి ఉత్తరం రాశాను. ఐదేళ్ళలో అది మొదటి ఉత్తరం.

తర్వాత చదివితే తెలిసింది, బార్బరా నిజంగా ఉందో లేదో ఆధారాలు సరిపోవని రోము చర్చివాళ్ళే 1969లో ఆమె పండుగని తమ సాధారణ పంచాంగంలోంచి తీసేశారట. తోపులవాళ్ళు, గనివాళ్ళు ఎవరూ మానలేదు. లెబనాన్ పిల్లలు అసలు పట్టించుకునే ఉండరు.

అక్టోబరులో మైన్ జట్టు ఒకటి ఆ గ్రామానికి వచ్చింది. వాళ్ళ పొలం పైభాగం, సుమారు అర ఎకరం, శుభ్రం చేసి తెల్లగుర్తులు పెట్టారు. కింద భాగం మిగిలింది. మేము నవంబరులో తిరుగు ప్రయాణమయ్యేటప్పటికి ఆమె మనవడు ఆ అర ఎకరం దున్నుతున్నాడు. మొలకలు నేను చూడలేదు.

ఇంటికొచ్చాక మా ఆవిడకి చెబితే డిసెంబర్ 4న గోధుమలు వండింది. చక్కెర బదులు బెల్లం, సోంపు అలాగే. మొదటేడు కుక్కర్‌లో ఆరు కూతలు వచ్చినా ఉడకలేదు, ముందురోజు నానబెట్టాలని తర్వాత తెలిసింది. అప్పట్నుంచి మానలేదు. దసరాకి నా పాత ప్రాడర్ ఒకటి, ఉత్తది, గుర్తుకోసం దాచుకున్నది, దానికి బొట్టు పెడతాను. డిసెంబరులో గోధుమలు. మా క్వార్టర్ పక్కింటి మలయాళీ అమ్మ క్యాథలిక్కే గాని ఆమెకి ఈ పండుగ తెలియదు, నేనే చెప్పాను.

మొన్న గురువారం డిసెంబర్ 4. సభ ఇవాళ ఉందని మా ఆవిడ మొన్న తక్కువ వండి, ఈ పొద్దున మళ్ళీ వండింది. బయట టీ బల్ల మీద రెండు స్టీలు డబ్బాలు ఉన్నాయి. మూతకి ఎర్ర గుడ్డ కట్టినది బెల్లం తక్కువ, షుగర్ ఉన్నవాళ్ళు అందులోంచి తీసుకోండి. దానిమ్మ గింజలు విడిగా పెట్టాం. అందరూ తలా కొంచెం తినే వెళ్ళాలి. జై హింద్.